టీసీతో పాటు ఆ ఫైలు కూడా

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో ఒక జాబితా తయారవుతుంది. టీసీ, మార్కుల జాబితాలు, ఆధార్ కార్డులు, గ్యాస్ కనెక్షన్ కాగితాలు, క్వార్టర్ ఖాళీ చేసినట్టు రసీదు. ఏ ట్రంకు పెట్టెలో ఏముందో పెట్టె మీద అంకె వేసి మరీ రాసుకుంటాం. ఆ జాబితాలో చాలా ఇళ్ళలో కనిపించనిది ఒకటుంది: ఇంట్లోవాళ్ళ పాత రక్తపరీక్షల ఫైలు. కొత్త ఊళ్ళో మళ్ళీ పరీక్ష చేయించుకోవచ్చులే అన్న ధీమాతో ఆ కాగితాలు పాత పేపర్ల కట్టలో కలిసిపోతాయి. అలా పోనివ్వకూడదని మా అభిప్రాయం. ఎందుకో మూత్రపిండాల ఉదాహరణతో చెబుతాం.

మూత్రపిండాలు మూత్రాన్ని తయారుచేస్తాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాం. అవి చేసే పని అంతకంటే చాలా పెద్దది. వెన్నెముకకు చెరో పక్కన ఉండే ఈ అవయవాలు ఒక్కొక్కటి మన పిడికిలి అంత ఉంటాయి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే నిమిషానికి సుమారు ఒక లీటరు, వీటి గుండానే పోతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాలు ఉండలా చుట్టుకొని ఉంటాయి. అదే జల్లెడ. రక్తకణాలు, ప్రోటీన్లు జల్లెడ పైన ఆగిపోతాయి. నీరు, లవణాలు, గ్లూకోజు, యూరియా కిందికి దిగుతాయి. ఇలా పెద్దవాళ్ళలో రోజుకు దిగేది సుమారు 180 లీటర్లు. మనం ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు తొమ్మిది అన్నమాట. బయటికి పోయేది మాత్రం ఒకటి, రెండు లీటర్లే. మిగిలినదంతా శరీరం తిరిగి రక్తంలోకి తీసుకుంటుంది. పారేసే పని కన్నా పనికొచ్చేది ఏరి దాచుకునే పనే ఇక్కడ ఎక్కువ. రక్తపోటును అదుపులో ఉంచడం, ఎర్ర రక్తకణాల తయారీకి కావలసిన హార్మోనును విడుదల చేయడం, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చడం కూడా వీటి బాధ్యతే.

ఇంత పని చేసే అవయవం చెడిపోతే వెంటనే తెలియాలి కదా! తెలియదు. మూత్రపిండాలకు అదనపు శక్తి చాలా ఉంది. ఒకటి దానం చేసినవాళ్ళు రెండోదానితో మామూలుగా బతుకుతున్నారు. ఆ అదనపు శక్తే మనల్ని మోసం చేస్తుంది. కొన్ని నెఫ్రాన్లు పాడైతే మిగిలినవి వాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి. నొప్పి ఉండదు. కాళ్ళవాపు, ఆయాసం, వాంతులు వంటివి కనిపించేసరికి చాలా భాగం నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే ఈ జబ్బును ఒంటి బాధతో కాక అంకెతో పట్టుకోవాలి.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? మన కండరాల్లో క్రియాటినిన్ అనే వ్యర్థం రోజూ దాదాపు ఒకే మోతాదులో తయారవుతుంది. మూత్రపిండాలు దాన్ని వడపోసి బయటికి పంపుతాయి. వడపోత తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. కాబట్టి రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉందో చూసి, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో లెక్కగడతారు. ల్యాబు రిపోర్టులో ఈ లెక్కను ఈజీఎఫ్‌ఆర్ అని రాస్తారు. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో ఇది 100 నుంచి 120 దాకా ఉంటుంది. 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అంటారు. 15 కంటే తగ్గితే డయాలసిస్ గురించో, మూత్రపిండ మార్పిడి గురించో ఆలోచించవలసి వస్తుంది.

పిల్లలకు వాడే సూత్రం మన లెక్కల నోట్సులో పట్టేంత చిన్నది. సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి, క్రియాటినిన్ అంకెతో భాగించాలి. 150 సెంటీమీటర్ల ఎత్తున్న విద్యార్థికి క్రియాటినిన్ 0.6 ఉంటే ఫలితం సుమారు 103. అదే 0.9 ఉంటే సుమారు 69. ఎంత చిన్న తేడా, ఎంత పెద్ద మార్పు!

మా వాదనకు ప్రాణం ఇక్కడే ఉంది. పెద్దవాళ్ళ సూత్రంలో ఎత్తుకు బదులు వయసు, ఆడా మగా అన్నది లెక్కలోకి వస్తాయి. ఒకాయనకు 40 ఏళ్ళ వయసులో క్రియాటినిన్ 0.7 ఉందనుకుందాం. 50 ఏళ్ళకు అది 1.3 అయింది. చాలా ల్యాబులు మగవాళ్ళకు 0.7 నుంచి 1.3 దాకా మామూలే అని అచ్చు వేస్తాయి. అంటే రెండు రిపోర్టులూ బాగున్నట్టే. కానీ లెక్క కడితే వడపోత దాదాపు 119 నుంచి 67కు పడిపోయింది. కొత్త ఊరి డాక్టరు చేతిలో రెండో కాగితం ఒక్కటే ఉంటే ఫరవాలేదనే అవకాశం ఎక్కువ. పక్కన మొదటి కాగితం కూడా ఉంటే తప్పకుండా ఆగి చూస్తారు. ఒక్క అంకె ఈ రోజు సంగతి చెబుతుంది. రెండు అంకెలు ఎటు పోతున్నామో చెబుతాయి. మూడేళ్ళకో ఊరు మారే మన కుటుంబాలు పోగొట్టుకునేది ఆ మొదటి అంకెనే.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ఇందుకు పెద్ద పాఠం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలున్న ఈ కొబ్బరి, జీడితోటల ప్రాంతంలో మధుమేహం, రక్తపోటు లేనివాళ్ళకు కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. కారణం ఫలానా అని ఇంకా తేలలేదు. శ్రీలంకలోని అనురాధపురం వైపు రైతులదీ ఇదే బాధ. ఇటువంటి జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా కనిపించకపోవచ్చు. అందుకే అక్కడ రక్తంలో క్రియాటినిన్ చూడటం ముఖ్యమైంది. పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. దూరం నుంచి మంచినీళ్ళు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. ఆసుపత్రి ఎంత అవసరమో, ముందుగా కొలిచి రాసిపెట్టుకోవడం అంతే అవసరం.

కొందరు అనవచ్చు: ల్యాబు ల్యాబుకూ అంకె మారుతుంది, పాత కాగితాన్ని ఎలా నమ్ముతాం? నిజమే, కొద్దిపాటి తేడా ఉంటుంది. ముందురోజు మాంసం ఎక్కువగా తిన్నా, బాగా కసరత్తు చేసినా అంకె కొంచెం పెరగవచ్చు. అందుకే ఒక్క పరీక్ష చూసి కంగారుపడకూడదు. తేడా ఉంటుంది కనుకనే ఎక్కువ కాగితాలు కావాలి. ఇంకొందరు ఇది పెద్దవాళ్ళ వ్యవహారం అంటారు. మధుమేహం, రక్తపోటు మూత్రపిండాలను దెబ్బతీసే ప్రధాన కారణాలు. ఈ రెండూ మన అమ్మానాన్నల వయసులోనే మొదలవుతుంటాయి. వాళ్ళు ఆఫీసు, సామాను, కొత్త ఇల్లు అని తలమునకలై ఉంటారు. ఫోనులో ఫొటో తీసి వరుసగా పెట్టడం మనకు అయిదు నిమిషాల పని.

కాబట్టి ఈ పత్రిక చదివే మిత్రులకు మా విన్నపం ఇది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక పేజీ కేటాయించండి. తేదీ, ఊరు, ల్యాబు పేరు, క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఆల్బుమిన్, రక్తపోటు, చక్కెర: ఈ ఎనిమిది గడులు చాలు. మధుమేహం గానీ, రక్తపోటు గానీ ఉన్నవాళ్ళను ఏడాదికొకసారైనా ఈ పరీక్షలు చేయించుకోమని గుర్తుచేయండి. సొంత ఊళ్ళో ఉన్న తాతయ్య, నాయనమ్మల కాగితాలు సెలవులకు వెళ్ళినప్పుడు అడిగి ఫొటో తీయండి. వాళ్ళు మోకాళ్ళ నొప్పులకు డాక్టరును అడగకుండా మాత్రలు మింగుతుంటే, ఆ మాత్రల్లో చాలావాటికి మూత్రపిండాలను దెబ్బతీసే గుణం ఉందని మెల్లగా చెప్పండి. కాగితం పోతుందన్న భయం ఉంటే ఆభా ఖాతాలో దాచుకునే సదుపాయం కూడా ఇప్పుడు ఉంది. అంకెలు చూసి జబ్బు ఉందో లేదో తేల్చేది డాక్టరే. ఆ అంకెలను డాక్టరు ముందు పెట్టే బాధ్యత మనది.

మనం ఏ తరగతి దాకా చదివామో టీసీ కొత్త బడికి చెబుతుంది. కొత్త బడిలో చేరేటప్పుడు దాన్ని అడుగుతారు. మన శరీరం ఇంతదాకా ఎలా నడిచిందో కొత్త డాక్టరుకు చెప్పే కాగితానికి కూడా అంత విలువ ఇవ్వాలి. వచ్చే బదిలీ జాబితాలో టీసీ కింద ఇంకో వరుస చేర్చండి.