నోటు తిరగరాసిన ప్రతిసారీ

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో ప్రామిసరీ నోటు రాయని రైతు ఇల్లు అరుదు. ఆ నోటుకు చట్టం పెట్టిన గడువు మూడేళ్లు. ఈలోపు అసలుకో వడ్డీకో ఏమీ జమ పడకపోతే కోర్టులో అది చెల్లదు. అందుకే గడువు దగ్గరపడగానే అప్పిచ్చినాయన కబురు పెడతాడు. చేతిలో డబ్బుండదు. వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాసిచ్చి, పాతది చింపేసి, గండం గడిచిందనుకుని ఇంటికొస్తారు. పంట పోయినందువల్ల చితికిన ఇళ్లకంటే నోటు తిరగరాసినందువల్ల చితికిన ఇళ్లే మా ఊళ్లో ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను.

లెక్క చూడండి. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే మూడేళ్లకు వడ్డీ 72 వేలు. తిరగరాస్తే అసలు 1,72,000 అయి కూర్చుంటుంది. ఇంకో మూడేళ్లకు అది 2,95,840. తొమ్మిదేళ్లు నిండేసరికి 5,08,844. తిరగరాయకుండా అదే నోటు మీద ఏడాదికో రెండేళ్లకో ఎంతో కొంత కట్టి, వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి అప్పిచ్చినాయనకు మళ్లీ మూడేళ్ల గడువొస్తుంది. లిమిటేషన్ చట్టంలోనే ఆ వీలుంది. వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే నడుస్తుంది. తొమ్మిదేళ్ల వడ్డీ మొత్తం కలిపినా అసలుతో 3,16,000 దాటదు. అదే అప్పు, అదే రెండు రూపాయలు. తేడా లక్షా తొంభై రెండు వేల పైచిలుకు. ఎకరా మిర్చికి మా వైపు కౌలుతో కలిపి అయ్యే పెట్టుబడి ఇంచుమించు అంతే.

నేను చందర్లపాడు మండలంలో ఓ ఊరి డ్వాక్రా సంఘాలకు పుస్తకాలు రాస్తాను. మాకు ఎకరంన్నర సొంత భూమి, మొన్నమొన్నటిదాకా రెండెకరాలు కౌలు. 2022 ఏప్రిల్ నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా అయింది కానీ, నోటి మాటలో ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టే. మిర్చి, పత్తి, సుబాబుల్ మా పంటలు. ఏడాది రాబడంతా గుంటూరు యార్డు నుంచి వచ్చే ఒకటి రెండు పట్టీల్లో, అంటే అమ్మకం చీటీల్లో ఉంటుంది. ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది.

సంఘం పుస్తకాలు రాసేటప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది ఏమిటంటే, ఏ ఇంట్లోనూ మొత్తం అప్పు ఎంతో ఒక్క మనిషికి తెలియదు. నోట్ల సంగతి మగవాళ్లకు తెలుసు. డ్వాక్రా, మైక్రోఫైనాన్స్ కిస్తీలు ఆడవాళ్ల మీదుంటాయి. బండి ఫైనాన్సు, ఫోన్‌లో యాప్‌ల అప్పులు అబ్బాయిల దగ్గరుంటాయి. "చెప్పొద్దక్కా, మీ మరిదికి తెలిస్తే ఊరుకోడు" అని నా చేయి పట్టుకుని బతిమాలిన వాళ్లున్నారు. ఆ మరిది మాత్రం ఆవిడకు తెలియకుండా కంచికచర్లలో ఎక్కడో నోటు రాసే ఉంటాడు. ఒకరికి తెలియకుండా ఒకరు ఇంటిని కాపాడుతున్నామనుకుంటారు. ఇద్దరికీ తెలిసి ఉంటే రూపాయిలోపు వడ్డీకి దొరికే దారి వెతికేవాళ్లు. తెలియక ఒకరు మూడు రూపాయలకు తెస్తారు. దాచిన అప్పు మీద ఎప్పుడూ వడ్డీ ఎక్కువే పడుతుంది, ఎందుకంటే అది తొందరలో, బేరమాడకుండా తెచ్చింది.

మా ఇంట్లో ఈ లెక్క ఒకచోట రాసింది 2022 వేసవిలో. ఆ ఏడాది మిర్చి చేలను నల్ల తామర పురుగు తినేసింది. పూత నిలవలేదు. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. చాలామంది చేలు పీకేశారు. మాకు పంట రుణం 1,60,000, రెండు నోట్ల మీద 3 లక్షలు, మిర్చి కమీషన్ కొట్టులో తెచ్చిన పెట్టుబడి 1,50,000, డ్వాక్రా 70 వేలు, బంగారం మీద 60 వేలు. మొత్తం 7,40,000. ఒక్కోదాని ఎదురుగా వడ్డీని ఒకే తీరులో, నూటికి నెలకు ఎన్ని రూపాయలని రాశాం. బ్యాంకు ఏడు శాతం అంటుంది, ఊళ్లో రెండు రూపాయలంటారు. వినడానికి రెండే చిన్నగా ఉంటుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పంట రుణమైతే గడువులోపు కడితే కేంద్రం వడ్డీ రాయితీ పోను నాలుగు శాతమే. ఆ కాగితం చూశాక మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏది ముందు తీర్చాలో మేం వాదించుకోవాల్సిన అవసరం రాలేదు. మూడు లక్షల నోట్లే ఏడాదికి 72 వేలు తింటున్నాయి.

గట్టు వెంబడి ఉన్న అరెకరం సుబాబుల్ కొట్టించి అమ్మాం. బీరువాలో మిగిలిన బంగారం బ్యాంకులో పెట్టి ఒక నోటు తీర్చాలన్నాను. మా అత్తయ్య ఒప్పుకోలేదు. "ఆడపిల్ల పెళ్లికి దాచింది అమ్మాయ్, అది కదిలితే మళ్లీ ఇంటికి రాదు" అన్నారు. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు, అలా పోయిన బంగారాలు ఆవిడ చాలా చూశారు. కానీ పెట్టెలో ఉన్న నగకు వడ్డీ రాదు, నోటుకు మాత్రం పగలూ రాత్రీ నడుస్తుంది. అమ్మం అత్తయ్యా, రూపాయిలోపు వడ్డీకి కుదువ పెట్టి రెండు రూపాయల అప్పు తీరుస్తామని నచ్చచెప్పాను. తరువాతి పంటకు మిర్చి ధర గుంటూరులో క్వింటాలు 20 వేలు దాటింది. నగ ఇంటికొచ్చింది, రెండో నోటూ వెనక్కొచ్చింది. ధర కలిసొచ్చిందన్నది నిజం. ధర వచ్చినా నోట్లు తీరని ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయన్నదీ నిజం. అక్కడ పట్టీ డబ్బు ఇంకో రెండెకరాల కౌలు ముందస్తుకు వెళ్లిపోయింది.

ఇక్కడో మాట కొందరికి నచ్చదు, అయినా చెబుతాను. అప్పు పొలం విలువలో సగానికి చేరుతోందంటే, ధర ఉన్నప్పుడే అరెకరం అమ్మడం మంచిది. ఊళ్లో పరువు పోతుందని ఆగినవాళ్లు రెండు మూడు తిరగరాతల తర్వాత ఉన్నదంతా అమ్మారు. అప్పటికి కొనేవాడు అప్పిచ్చినాయనే అవుతాడు, ధరా ఆయన చెప్పిందే అవుతుంది.

ఆర్థిక స్వాతంత్ర్యం అంటే నెలనెలా పెట్టుబడుల మీద ఆదాయం రావడమని పట్నంలో చెబుతారు. మిర్చి రైతుకు దాని అర్థం వేరు. తన మిర్చి బస్తాలు ఏ కొట్టుకు వేయాలో, ఏ రోజు అమ్మాలో తనే తేల్చుకోగలగడం. బాకీ ఉన్నంతకాలం పెట్టుబడి ఇచ్చిన కొట్టుకే సరుకు వేయాలి, వాళ్లు అమ్మిన రోజే అమ్మాలి, పట్టీలో అసలు, వడ్డీ, కమీషన్ కోసుకున్నాక మిగిలింది తెచ్చుకోవాలి. 2025 ఆరంభంలో ధర పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించేదాకా వచ్చింది. ధర మన చేతిలో లేదు. ఎవరికి అమ్మాలన్నది మన చేతిలో ఉండాలంటే కొట్టు బాకీ ముందు తెగాలి. నోట్ల తర్వాత మేం తెంచింది అదే. కౌలు కూడా ఒక ఎకరానికి తగ్గించాం. మునుగుతామని తెలిసీ ఎకరాలు పెంచుకోవడం ధైర్యం అనిపించుకోదు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ రోడ్డే ఆగిపోయినప్పుడు, ఆ ఎకరం తగ్గించినందుకు మా ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

మైక్రోఫైనాన్స్ మాటా చెప్పాలి. వసూళ్ల ఒత్తిడి మీద జనం గోడు విని 2006లో మన కృష్ణా జిల్లా అధికారులే ఆ సంస్థల శాఖలు సుమారు 50 మూయించారు. 2010 అక్టోబరులో వాటి కట్టడికి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. ఇప్పుడు 2022 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి నెల ఆదాయంలో కిస్తీలన్నీ కలిపి సగం దాటకూడదు. మంచి నిబంధనే. కానీ ఏడాదికోసారి పట్టీ చూసే ఇంటికి నెల ఆదాయం ఎంతని రాస్తారు? పన్నెండుతో భాగించి రాస్తే కాగితం మీద సరిపోతుంది. ఆగస్టులో కిస్తీ రోజున మాత్రం ఇంట్లో రూపాయి ఉండదు. అప్పుడు ఆ కిస్తీ కట్టడానికే మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో నెల జీతం ఉన్న ఇంటికి నెల కిస్తీ సరే. మిర్చి ఇంటికి ఫిబ్రవరి నుంచి మే లోపు కట్టే కిస్తీ కావాలి.

బ్యాంకులదీ ఇదే తంతు. పంట రుణం ఏడాదికోసారి కట్టి మళ్లీ తీసుకోవాలి. ఆ రెన్యువల్ కోసం నాలుగైదు రోజులకు డబ్బు సర్దేవాళ్లు ప్రతి ఊళ్లో తయారయ్యారు. నాలుగు శాతం రుణం కోసం ఆ కొద్ది రోజులకు ఇచ్చుకునేది కలిపితే రాయితీలో ఎంత మిగులుతుందో బ్యాంకు మేనేజర్లకు తెలియనిది కాదు. పంట పోయిన ఏడాది కూడా ఇదే నాటకం ఆడించకుండా, వడ్డీ కట్టించుకుని అసలును నిజంగా వాయిదా వేయాలి. కౌలు రైతులైతే ఈ గుమ్మం దాకా కూడా రారు. 2019 చట్టం కింద పదకొండు నెలల సాగుదారు కార్డు ఉన్నా రుణం అందేది కొందరికే, మిగతా అందరికీ నోటే దిక్కు.

మా సంఘాల్లో రుణ ప్రణాళిక రాసేటప్పుడు పాడి గేదెకు, కిరాణా కొట్టుకు, కుట్టు మిషనుకు అని రాయిస్తారు. ఆ డబ్బులో చాలా భాగం నోటు వడ్డీకి పోతుందని రాసే నాకూ తెలుసు, ఇచ్చే బ్యాంకుకూ తెలుసు. మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి 2011 నుంచీ ఉంది. దాని నుంచి నోటు తీర్చుకోవడానికే అని బాహాటంగా రుణం ఇవ్వొచ్చు. భార్యాభర్తలిద్దరూ గ్రామ సంఘం ముందు కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయాలి. డబ్బు నేరుగా అప్పిచ్చినాయన ఖాతాకు వెళ్లాలి. తీరినట్టు సంతకమైన అసలు నోటు తెచ్చి సంఘం పుస్తకంలో అంటించాలి. కిస్తీ మిర్చి పట్టీల కాలానికి పెట్టాలి. ఒక మండలంలో చేసి చూడండి. చందర్లపాడులోనే మొదలుపెడతామంటే ఆ పుస్తకాలు నేను రాస్తాను.