పజిల్ కూర్చేవారికీ చందా కడదాం

మా ఇంట్లో పేపరుకు చందా కడతాం, కేబుల్‌కు కడతాం, పిల్లల పత్రికకూ కడతాం. కొంతకాలంగా ఇంకొకటి కూడా కడుతున్నాను. రోజుకొక లాజిక్ పజిల్ ఇచ్చే చిన్న వెబ్‌సైటు అది. వెనక కంపెనీ ఏమీ లేదు. ఒక్క మనిషే పజిల్ కూరుస్తాడు, సరిచూస్తాడు, తెల్లారేసరికి పెడతాడు. ప్రకటనలు ఉండవు. "ఫోన్లో ఫ్రీగా బోలెడున్నయి కదా మేడం, పైసలు కట్టుడెందుకు?" అని స్టాఫ్ రూములో అడుగుతుంటారు. కట్టాలనే నా వాదన.

నేను కోదాడ దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. ఉండేది సూర్యాపేట, పుట్టిల్లు మిర్యాలగూడ. పొద్దున కోదాడ బస్సెక్కి కూర్చుంటే మునగాల వచ్చేలోపు ఆ రోజు పజిల్‌తో ఓ పట్టు పడతాను. నా చుట్టూ ఫోన్లలో నడిచే ఫ్రీ పజిళ్ళూ చూస్తుంటాను. ఒక గడి నింపగానే ప్రకటన, హింట్ అడిగితే ప్రకటన, అయిపోయాక మళ్ళీ ప్రకటన. వాటిలో ఎన్నోసార్లు రమ్మీ ప్రకటనలు చూశాను. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అన్నేళ్ళపాటు మన పిల్లలు సుడోకు ఆడుకుంటూ ఆ ప్రకటనలు చూశారు. పజిల్‌కు డబ్బు ఆడేవాడు ఇవ్వకపోతే ఇంకెవరో ఇస్తారు. ఇచ్చేవాడికి పజిల్‌తో పని లేదు, ఆ పిల్లవాడి కళ్ళతోనే పని.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యమైనది. మనిషి చేత్తో కూర్చిన పజిల్‌కూ యంత్రం ఉమ్మేసిన పజిల్‌కూ తేడా ఉంది. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద కకురో వేశాను. గళ్ళనుడికట్టులాంటిదే, అక్షరాల బదులు 1 నుంచి 9 దాకా అంకెలు. ఒక వరసలో వచ్చిన అంకె మళ్ళీ రాకూడదు. అడ్డంగా రెండు గళ్ళు, మొత్తం 16. నిలువుగా రెండు గళ్ళు, మొత్తం 17. రెండింటికీ ఒక గడి ఉమ్మడి. పిల్లలు కాసేపు ఏవేవో అంకెలు అరిచారు. చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "పదహారంటే ఏడూ తొమ్మిదే మేడం, ఎనిమిది రెండుసార్లు రాదు. పదిహేడంటే ఎనిమిదీ తొమ్మిదే. కలిసే కాడ తొమ్మిదే వస్తది" అంది. ఊహించి చెప్పలేదు, నిరూపించి చెప్పింది. మంచి కూర్పరి ఇలాంటి మలుపును కావాలనే ఒక మూలన దాచి పెడతాడు. ఆడేవాళ్ళు దాన్ని తామే కనుక్కోవాలని రాత్రి కూర్చుని గళ్ళు చెరిపి మళ్ళీ వేస్తాడు. ఆ రాత్రి పనికే నేను చందా కడుతున్నది.

ఈ పని చేసినవాళ్ళకు దక్కింది తక్కువే. ఇవాళ మనం సుడోకు అంటున్నదాన్ని 1979లో అమెరికాలో డెల్ పత్రికల వాళ్ళు 'నంబర్ ప్లేస్' పేరుతో వేశారు. కూర్చింది హోవర్డ్ గార్న్స్ అనే రిటైరైన ఆర్కిటెక్టు. పజిల్ మీద ఆయన పేరు వేయలేదు. 1989లో పోయాడు, ప్రపంచమంతా దాన్ని ఆడటం చూడనేలేదు. జపాన్‌లో నికోలి పత్రిక పెట్టి దానికి సుడోకు అని పేరు పెట్టిన మాకి కాజి 2021 ఆగస్టులో చనిపోయారు. ఆ పేరు మీద హక్కును జపాన్ బయట రిజిస్టరు చేయించలేదు కాబట్టి లోకమంతా సుడోకు మోగిపోయినా ఆయనకు వచ్చింది పెద్దగా లేదు. కానీ నికోలి ఒక గొప్ప పని చేసింది. పాఠకుల చేతే పజిళ్ళు కూర్పించి వేసింది. ఆడినవాళ్ళే కూర్చేవాళ్ళయ్యారు. కొన్న పాఠకులు ఉండబట్టే ఆ పత్రిక నిలబడింది.

మన దగ్గరా అలా కూర్చే మనుషులున్నారు. ప్రపంచ సుడోకు పోటీలు 2008లో గోవాలో జరిగాయి, 2017లో సుడోకు, పజిల్ పోటీలు రెండూ బెంగళూరులో జరిగాయి. గోవాలో గెలిచిన థామస్ స్నైడర్ తర్వాత గ్రాండ్‌మాస్టర్ పజిల్స్ అనే సొంత సంస్థ పెట్టి చేత్తో కూర్చినవే ఇస్తున్నాడు. ఆ పోటీలకు మన దేశపు జట్టును పంపేది లాజిక్ మాస్టర్స్ ఇండియా. దేశంలో కూర్చేవాళ్ళు లేక కాదు. మన జిల్లాల దాకా ఆ పేర్లే రాలేదు.

రావాల్సిన చోటు గ్రంథాలయం. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. సూర్యాపేటలోనైనా మిర్యాలగూడలోనైనా గ్రంథాలయానికి వెళ్ళి చూడండి, కుర్చీలన్నీ గ్రూప్స్‌కూ కానిస్టేబుల్‌కూ బ్యాంకు పరీక్షలకూ చదివే పిల్లలవే. వాళ్ళ ముందున్న రీజనింగ్ పుస్తకాల్లో ఎక్కడ చూసినా అవే ప్రశ్నలు, ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చునే ప్రశ్నతో సహా. షార్ట్‌కట్ బట్టీ పట్టిన పిల్లవాడు ప్రశ్న కాస్త మారితే ఆగిపోతాడు. జిల్లా గ్రంథాలయ సంస్థలు కూర్పరితో మాట్లాడి, అనుమతి తీసుకుని, సంస్థ పేరున చందా కట్టి, రోజూ ఒక పజిల్‌ను నోటీసు బోర్డు మీద పెట్టవచ్చు. గైడ్లకు పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకి రాదు.

అనుమతి అని ఊరికే అనలేదు. మా టీచర్ల గ్రూపులో "మీరు కట్టారుగా, రోజూ స్క్రీన్‌షాట్ పెట్టండి మేడం" అని అడుగుతారు. నేను పెట్టను. సైటు పేరు చెబుతాను, కూర్పరి ఉచితంగా ఇచ్చే పాతవాటిని చూపిస్తాను. వందమంది ఉన్న గ్రూపులో ఒక చందాను పంచితే ఆ మనిషి ఇంకెవరికోసం కూర్చాలి?

కూర్చేవాళ్ళకూ ఒక మాట. కట్టాలని ఉన్నా మా ఊళ్ళలో కట్టే దారి సరిగా లేదు. బయటి దేశపు సైట్లు చాలావరకు క్రెడిట్ కార్డే అడుగుతాయి. కోదాడలో ఒక డిగ్రీ విద్యార్థి దగ్గర ఉండేది డెబిట్ కార్డు, యూపీఐ. నెలనెలా తనంతట తానే కోసుకునే చెల్లింపులకు ముందుగా ఓటీపీతో ఒప్పుకోలు ఉండాలని, కోసుకునే ముందు రోజే కబురు చేయాలని రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి నిబంధన పెట్టింది. అది మన మంచికే. కానీ చిన్న సైట్లు ఆ ఏర్పాటు చేసుకోలేక చెల్లింపు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని ఏడాది చందా ఒకేసారి తీసుకోండి. ధర రూపాయల్లో పెట్టండి, మన దేశంలో ఉన్నవాళ్ళు యూపీఐ పెట్టండి. విద్యార్థులకు సగం ధర చేయండి. సూచనలు తెలుగులో రాసిపెట్టే పని అయితే నేనే చేసిస్తాను, మా తొమ్మిదో తరగతి పిల్లలతో చదివించి, వాళ్ళకు అర్థం కాని వాక్యం మార్చి మరీ ఇస్తాను.