క్యూబిట్లు ఎన్ని అని కాదు, దేనికి అని అడగండి

జీఎస్-3లో జాతీయ క్వాంటమ్ మిషన్ మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసేది ఒకటే: 2023 ఏప్రిల్‌లో కేబినెట్ ఆమోదం, రూ.6003.65 కోట్లు, ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్లు, నాలుగు హబ్‌లు. చివర్లో 'కొత్త మందుల తయారీకి ఉపయోగం' అని ఒక ముక్క తగిలిస్తాం. ఎలా ఉపయోగమో మాత్రం రాయం. మార్కులు అక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

అణువులో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకున్నాయో తెలిస్తే అది దేనితో ఎలా చర్య జరుపుతుందో చెప్పొచ్చు. చిక్కేమిటంటే వాటి స్థితులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఎలక్ట్రాన్ ఉండగల స్థానం ఒక్కటి పెరిగితే లెక్క రెట్టింపవుతుంది. 50 స్థానాలకే పదకొండు కోట్ల కోట్లు దాటుతుంది! అలాగని సూపర్ కంప్యూటర్లు పనికిరావని రాసేయకండి. వాల్టర్ కోన్‌కు 1998లో నోబెల్ తెచ్చిన డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతంతో వాటి మీద చాలా అణువుల లెక్కలు చక్కగా తేలుతున్నాయి. లోహ పరమాణువులు గుంపుగా ఉన్నచోటే ఆ పద్ధతి తడబడుతుంది.

ఉదాహరణకు వేరుశనగ వేరు బుడిపెలు చూడండి. వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేల వేడిమి దగ్గరే అమ్మోనియాగా మారుస్తుంది. ఎరువుల ఫ్యాక్టరీలో ఇదే పనికి 400 డిగ్రీల వేడి, భారీ పీడనం కావాలి. బ్యాక్టీరియాలో ఆ పని జరిగేది ఫీమోకో అనే చోట. ఏడు ఇనుము, ఒక మాలిబ్డినం పరమాణువులున్న చిన్న గుంపు అది.

క్వాంటమ్ కంప్యూటర్ మీద ఫీమోకో లెక్కకు నెలలు పడుతుందని 2017లో అంచనా వేశారు. 2021 నాటి పద్ధతిలో 40 లక్షల భౌతిక క్యూబిట్లుంటే నాలుగు రోజుల లోపే చాలన్నారు. ఈ తగ్గుదల ప్రధానంగా గణితం వల్ల వచ్చింది. అంత పెద్ద యంత్రం ఇంకా ఎక్కడా లేదు.

అమరావతికి 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రానిది 156 క్యూబిట్ల ప్రాసెసర్. అది దండగ అనను, విద్యార్థుల చేయి తిరగడానికి అలాంటిది కావాల్సిందే. కానీ మిషన్ ప్రగతిని క్యూబిట్లతోనే కొలిస్తే మనం ఎప్పుడూ వెనకే ఉంటాం. ఒక అణువును ఎంచుకుని, దాని లెక్కకు పట్టే క్వాంటమ్ ఆపరేషన్లను ఏటా ఎంత తగ్గించామో కూడా కొలవాలి. దానికి శీతల యంత్రాలు అక్కర్లేదు. రసాయన శాస్త్రం, కంప్యూటర్ సైన్స్ రెండూ తెలిసిన పరిశోధకులు, వాళ్లకు వేళకు అందే ఫెలోషిప్పులు చాలు.

అభ్యాస ప్రశ్న (150 పదాలు): క్వాంటమ్ మిషన్ నిధుల్లో యంత్రాలకు, అల్గారిథమ్ పరిశోధనకు మధ్య ప్రాధాన్యం ఎలా ఉండాలి? ఎరువుల రంగం ఉదాహరణతో చర్చించండి.