చిన్న కమతము – పిల్లల చదువు

1966 నాటి ఉద్యమ ఫలితంగా 1971లో మన విశాఖలో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దానికై అనేక గ్రామాల రైతులు పొలాలు అప్పగించారు. పొలంతోపాటు, తండ్రి వెంట నడిచి బిడ్డ నేర్చుకొనే సేద్యవిద్య కూడ ఆ కుటుంబాలకు దూరమైనది. నేడు ఎకరమో, రెండెకరాలో సంపాదించి, పిల్లలతో సహా తిరిగి సేద్యానికి పూనుకొనే వారిని మేము మనసారా అభినందిస్తున్నాము.

అయితే ఒక మాట విన్నవించక తప్పదు. కూలి ఖర్చు కలసివస్తుందని బిడ్డను బడి మాన్పించరాదు. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ ప్రకారం పదునాలుగేండ్ల లోపు పిల్లలు బడివేళల తరువాత, సెలవులలో, ప్రమాదకరం కాని ఇంటి పనులలో మాత్రమే సాయపడవచ్చును. కావున పురుగుమందులు, యంత్రాలు పెద్దలవి. కూరమడికి నీరు పెట్టడం, కోళ్ళకు గింజలు వేయడం, జమాఖర్చు వ్రాయడం పిల్లలు చేయదగిన పనులు.

తొలి ఏడు అప్పుచేసి విస్తరించుట క్షేమం కాదు. ముందు ఇంటికి సరిపడ పండించి, మిగిలినది 1999లో ఆరంభమైన రైతుబజారులకు చేర్చవచ్చును. ఆ అమ్మకాల లెక్క వ్రాసే పుస్తకం కుమారునికి, పేడ తట్ట కుమార్తెకు అనే పంపకం మాత్రం ఏ ఇంటనూ ఉండరాదని మా అభిప్రాయము.