రొయ్యల చెరువులు పక్షులకు వదిలితే

సింగపూర్‌లో వసంతం అంటూ వేరే కాలం లేదు. అయినా మన ఉగాది దగ్గరపడే రోజుల్లో సుంగై బులో చిత్తడినేలల్లో దాని జాడ తెలుస్తుంది. సెప్టెంబరు నుంచి ఇక్కడ మేత మేసిన వలస పక్షులు ఉత్తరాదికి తిరుగుముఖం పడతాయి. సైబీరియా దాకా వెళ్లే గోల్డెన్ ప్లోవర్లకు అప్పటికే రొమ్ము నల్లబడి, వీపు మీద బంగారు చుక్కలు తేలతాయి.

ఇవి ఒకప్పుడు రొయ్యల చెరువులు. 1986లో ప్రకృతి ప్రేమికులు ఇక్కడి పక్షులను గమనించి, కాపాడమని అడిగారు. 1993లో పార్కు తెరిచారు. 2002లో రక్షిత ప్రాంతం చేశారు. సముద్రం పోటెత్తి బురదనేల మునిగితే పక్షులు చెరువుల్లోకి వచ్చి వాలతాయి. అందుకే తూము గేట్లతో నీటిమట్టం సరిచూస్తుంటారు. సైట్లో లెవెల్స్ చూసే మనకు ఈ పని విలువ ఇట్టే తెలుస్తుంది.

మన కొల్లేరులో కథ తిరగబడింది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. అయినా చేపల చెరువులు సరస్సును ఆక్రమించాయి. 2006లో గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. ఆ చెరువుల మీద బతికే కూలీలకు వేరే దారి చూపకుండా గట్లు మాత్రం తెంచితే నిలవదని మా అభిప్రాయం.

క్రాంజి డార్మిటరీల్లోని మనవాళ్లు కొందరు "అది టూరిస్టులకు, మనల్ని రానిస్తారా?" అంటుంటారు. సుంగై బులోకి టికెట్ లేదు. ఒక ఆదివారం పోటు వేళ చూసుకుని వెళ్దాం, సందడి చేయకుండా కూర్చుందాం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కొల్లేరు సంగతీ అడుగుదాం.