చెరిపేస్తే పోతుందా?

2018లో గద్వాల, వనపర్తి పల్లెల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు చెలరేగాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరికీ పంపి, పాటలు కట్టించి, అది అబద్ధమని చాటించారు. ఊరికి పట్టిన పుకారుకు చాటింపు సరిపోయింది. గ్రూపులో ఒక్క ఆడపిల్ల మీద కూసే కూతలకు చాటింపు వేస్తే ఆమె పరువే బజారున పడుతుంది. అక్కడ కావలసింది సాక్ష్యం.

మా విద్యార్థిని ఒకామె నా దగ్గరికి వచ్చేసరికే, రోతపుట్టి, సందేశాలన్నీ చెరిపేసింది. "ఇంట్ల తెలిస్తే చదువు బంద్ జేస్తరు సార్" అంది. ఆ భయం ఉత్తదేమీ కాదు.

వాట్సాప్ సందేశాలు 2016 నుంచి దారిపొడుగునా తాళం వేసుకునే పోతాయి. కంపెనీవారు సైతం చదవలేరు. కనుక వెదకవలసింది ఫోన్లలోనే. చెరిపిన మాట ఒక్కొక్కప్పుడు ఫోను లోపలో, బ్యాకప్‌లోనో మిగిలి ఉంటుంది, వాడుతున్నకొద్దీ చెరిగిపోతుంది. నిపుణులు ముందుగా ఫోనుకు సిగ్నల్ అందకుండా చేసి, నకలు తీసి, దానికి 'హాష్' అనే గుర్తు కడతారు. నకలులో ఒక్క అక్షరం మారినా గుర్తు మారిపోతుంది. విద్వద్గద్వాలలో గురువు లఘువైతే పండితులు ఊరుకునేవారా? ఇదీ అంతే! 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హాష్ కూడా రాయాలి.

అదృష్టవశాత్తూ స్నేహితురాలి ఫోనులో ఆ గ్రూపు చెక్కుచెదరలేదు. రెండు ఫోన్లూ తీసుకుని, తల్లిని వెంటబెట్టుకుని, నాగర్‌కర్నూల్‌లో షీ టీమ్ వారి దగ్గరికి వెళ్లాం. దారిపొడుగునా ఆ తల్లిది ఒకటే ప్రశ్న: "పిల్ల పేరు బయటవడదు గద సార్?"