మీట నొక్కుట విద్య కాదు

ఖమ్మం మిర్చి వర్తకుని లెక్కలును, ఖానాపురం హవేలి దుకాణదారుని చెల్లింపులును నేడు కంప్యూటరు నెక్కినవి. సంతోషమే. కాని ఆ లెక్క లేయూరి యంత్రమున నున్నవో, తాళపుచెవి యెవరిచేత నున్నదో వర్తకు డెరుగడు. పట్టము పుచ్చుకొన్న మన యువకులలో నెందరెరుగుదురు? వారు నేర్చినది మీట నొక్కుట. పలుచోట్లనున్న యంత్రములు కలిసి యొకే ఖాతాను తప్పులేక నడపునట్లు కట్టు విద్య కాదు.

అది మనవలన గాదని కొందరందురు. వారికి చరిత్రయే ప్రత్యుత్తరము. 1967లో హైదరాబాదున ఏ.ఎస్.రావుగారి సారథ్యమున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. స్వదేశమున కంప్యూటర్లను నిర్మించెను. రైల్వేవారి 'కాన్సర్ట్' రిజర్వేషను పద్ధతి 1994లో మొదట సికింద్రాబాదుననే నడిచెను. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రములతో ముడిపడెను. అయిదు నగరములం దయిదుగు రొక్కమారే యడిగినను, బెర్తు ఒక్కనికే దక్కవలెను. ఈ చిక్కు విప్పినవారు మనదేశీయులే కదా!

"పని సాగనిండు, భద్రత పిమ్మట చూతము" అను వారు మరికొందరు. వీరు 2022 జనవరిలో హైదరాబాదు మహేశ్ సహకార బ్యాంకునకు పట్టిన గతిని స్మరింతురుగాక. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిలు దారిని దొంగలు చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా తరలించిరి. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకే 65 లక్షల జరిమానా విధించెను. పోయిన సొమ్మును చట్టము వెదకగలదు. పోకుండ కాచునది కట్టడమే. ఖజానా పెట్టెకు రెండు తాళములు వైచి, చెవుల నిద్దరిచేత నుంచిన పెద్దల వివేకమే యిచ్చటను మూలసూత్రము: ఎవనికెంత పనియో యంతయే యధికారము, పెద్ద మొత్తమున కిరువురి సమ్మతి, ఎవడును చెరపజాలని చిట్టా వేరొకచోట.

ఇంకొక మాట. భద్రాచలపు అడవి పల్లెలలో సిగ్నలు నిలుకడ లేనిది. సగములో తెగిన చెల్లింపు రెండుమారులు పడరాదు, మాయమును కారాదు. ఈ కష్టము దూరదేశపు నిర్మాత కేమి తెలియును? తెలిసిన బిడ్డ మన బిడ్డయే.

కావున మన కళాశాలలు కంఠస్థపు పరీక్షలను తగ్గించి, విద్యార్థులచే రెండూళ్ల కమీషను దుకాణమునకు లెక్కల యంత్రాంగము కట్టింపవలెను. కావలెనని తంతి తెంపింపవలెను. సహపాఠులచే దొంగదాడి చేయించి, నిలిచిన కట్టడమునకే పట్టమీయవలెను. ఆ పాఠము తెలుగున సాగవలెను. గ్రంథాలయములు సాయంకాలపు తరగతులకు తలుపులు తెరువవలెను.

తన తాళము తాను చేసికొనలేని జాతికి తన పెట్టె తనది కాదు.